పదో గంప

నా బిడ్డకు పోయిన వారం హైదరాబాదుల మొదటి జీతం పడ్డది. పడ్డదని ఫోన్ చేసింది. నీకు చీర కొంట అంటదనో, కొత్త సెల్లు కొనుక్కుంట అంటదనో అనుకున్న. అది వేరే అడిగింది.

"అమ్మా, దశమ భాగం ఎట్ల తియ్యాలె? కోతలన్ని పోయి చేతికొచ్చినదాంట్ల పదోదా, కాయితం మీద రాసిన మొత్తంల పదోదా? ఇక్కడ చర్చిల ఒకలు గిట్ల అంటరు, ఒకలు గట్ల అంటరు."

నేను వనపర్తిల మా ఇంటి ముంగట కూసోని బియ్యం చెరుగుతున్న. ముప్పై ఏండ్లు హాస్టల్ల వంట చేసి దిగిపోయిన మనిషిని. నూరుమంది పిల్లలకు ఎన్ని బియ్యం పొయ్యాల్నో నిద్రల లేపి అడిగినా చెప్త. దీనికి మాత్రం ఐతారం చెప్త బిడ్డా అని ఫోన్ పెట్టేసిన.

ఈ మాట నేను ఇంతకుముందు ఒకసారి విన్న. అప్పుడు జీతం గాదు, పల్లికాయ. అడిగింది మా నాయిన. అప్పటికి నాకు తొమ్మిదేండ్లు.

మాది పెద్దమందడి దిక్కు ఒక ఊరు. ఊరికి ఆఖరున మా వాడ, వాడకు ఆఖరున చర్చి. చర్చి అంటే పెద్దదనుకునేరు. పెంకుల కొట్టం, సున్నం గోడలు, కూసునుటానికి ఈతసాపలు. ఆడోళ్లు ఒక దిక్కు, మొగోళ్లు ఒక దిక్కు కూసోవాలె గానీ, వాన పడితే ఆ లెక్క తప్పిపోయి అందరం ఉరవని జాగ చూసుకోని ఒక్కతాన ముడుసుకునేటోళ్లం.

ఇంట్ల మేము ఐదుగురం. అమ్మ, నాయిన, నేను, నా తమ్ముడు, నాయినను కన్న అవ్వ. తమ్మునికి మూడేండ్లు. అమ్మ చిన్నప్పటి సంది ప్రభువును నమ్ముకున్న మనిషి. నాయిన అమ్మను చేసుకున్నంక నమ్మిండు. అవ్వ మాత్రం మైసమ్మను ఇడ్సిపెట్టలే. ఐతారం మేము చర్చికి పోతుంటే అవ్వ గడప మీద కూసోని ఆకు వక్క నములుకుంట, మీ దేవుని తానికి మీరు పోండ్రి, మా తల్లి తానికి నేను పోత, ఎవరో ఒకలు సూస్తరు తీయ్ అనేది. అమ్మ ఆమెతోని ఎన్నడు కొట్లాడలే. అవ్వ పేరు గూడ ప్రార్థనల కలిపేది.

పొయ్యి మీద ఎసరు పెట్టినంక, గింజలు కడిగే ముందు, అమ్మ ఒక పిడికెడు తీసి మూలకున్న చిన్న కుండల ఏసేది. అది దేవుని పిడికెడు. బియ్యం మా ఇంట్ల పండుగలకు, చుట్టాలకు. తక్కిన దినాలు జొన్నలే. జొన్నలు విసిరే ముందు గూడ పిడికెడు తీసేది. అందుకే ఆ కుండల బియ్యం, జొన్నలు కలెగలిపి ఉంటుండె. ఒక్కోసారి నన్ను తియ్యమనేది. నేను పిడికిలి నిండ తియ్యకుండ వేళ్లు లోపలికి ముడిసి తీసేదాన్ని. అమ్మ నా చెయ్యి పట్టి ఇప్పి చూసి, నవ్వి, మల్ల తీపిచ్చేది.

ఆ గింజలు ఐతారం అయ్యగారి ఇంటికి పోయేటియి. అయ్యగారు అంటే మా చర్చి పాస్టరు. ఆయనది కొల్లాపూర్ దిక్కు. పాత సైకిల్ మీద నాలుగూర్లు తిరిగి ప్రార్థనలు చేసేటోడు. నెల జీతం లేదు. మా అసోంటి ఇండ్ల కుండలల్ల పడ్డ గింజలతోనే ఆయన పొయ్యి ఎలిగేది. ఆయన బిడ్డ నా జతది. నా గౌను కంటె దాని గౌనుకే మాసికలు ఎక్కువుంటుండె. ఇది ఎందుకు చెప్తున్ననంటే, ఆయన మమ్ములను దోసుకున్నడని ఎవరన్న అనుకుంటరేమోనని. ఆయన దోసుకోలే. జరిగిందాంట్ల ఆయన చేసిన తప్పు ఒక్క మాట, అంతే.

నాయిన పటేలు పొలం నాలుగెకరాలు పాలుకు చేసేటోడు. ఎర్ర చెల్క. పండినదాంట్ల సగం పటేలుది, సగం మాది. పల్లికాయ పీకే దినాలల్ల మా వాడంతా ఒక్కటే వాసన. తడిమట్టి వాసన, పచ్చి తీగె వాసన, సాయంత్రమైతే ఉప్పేసి ఉడకబెట్టిన కాయ వాసన. మా వేళ్లకు, అమ్మ కొంగుకు, తమ్ముని జుట్టుకు గూడ అదే వాసన.

కాయ ఆరినంక కల్లంల కొలిచేటోళ్లు. పటేలు మనిషి రాకముందే అమ్మ గంపతోని కొలిచేది. తొమ్మిది గంపలు ఒక దిక్కు కుప్ప పోసి, పదో గంపను పక్కకున్న గోనెసంచిల పోసేది. నాకు తొమ్మిదేండ్లున్న ఏడు నాయిన తలకు రుమాలు సుట్టుకోని పక్కన కూసున్నడు. కొంచెంసేపు చూసి, మెల్లగ అడిగిండు.

"పటేలు సగం తీసుకపొయినంక మిగిలిందే గదా మనది. మనదాంట్ల పదోది తీయ్. పటేలు పాలుల గూడ మనమే ఇయ్యాల్నా?"

అమ్మ గంప దించకుండనే అన్నది. "కాయ పండిచ్చింది పటేలా?"

ఆ ఏడు నలుపై గంపలు వచ్చినై. నాలుగు దేవునికి, ఇరువై పటేలుకు, పదారు మాకు. దేవుని సంచులు కోతల పండుగ దాంక మా ఇంట్లనే గోడకు పెట్టి ఉంచినం. కోతల పండుగ అంటే, అందరు పండినదాంట్ల మొదటిది చర్చికి తెచ్చి పెట్టేది. ప్రార్థన అయినంక అక్కడనే వేలంపాట పాడి అమ్మేటోళ్లు. నాయిన ఆ ఏడు ఒక గుమ్మడికాయకు పోటీ పడి పడి అందరి కంటె ఎక్కువ పాడి కొన్నడు. కొనుక్కొచ్చినంక అది మేము ఇచ్చిన గుమ్మడికాయనే అని అవ్వ కనిపెట్టింది. వారం దినాలు వాడంతా నవ్విండ్రు.

పండుగకు ముందు, ఆ సంచులకు నేను ఒక బొక్క చేసిన. సూది దబ్బనంతోని కుట్టు జర వదులు చేస్తే ఒక్కొక్క కాయ బయటికొచ్చేది. నేను తీసేదాన్ని, తమ్ముడు దోసిలి పట్టేటోడు. బూడిదల కాల్చుకోని తినేటోళ్లం. వానికి గుట్టు ఆగదు. "దేవుని కాయ, దేవుని కాయ" అని ఇల్లంతా తిరిగేటోడు. వాడు ఏమంటున్నడో అమ్మకు సమజ్ గాలే, ప్రార్థన నేర్చుకుంటున్నడని సంబురపడ్డది.

మరుసటేడు విత్తేటప్పుడు ఒక్క వాన పడ్డది. తర్వాత లేదు. పొద్దున లేస్తే అందరు మొగులు దిక్కు చూసుడే. తీగె పీకితే వేరుకు నాలుగు కాయలు, అందుల రెండు లొట్టలు. కల్లంల పోస్తే కుప్ప మోకాళ్లంత గూడ లేదు. అమ్మ గంపతోని కొలిచింది. ఎనిమిది అయినై. తొమ్మిదోది నింపేసరికి కల్లం ఊడ్చినట్టయింది.

నాయిన, ఈసారి దేవుడే పదో గంప ఇయ్యలే, ఇంకేం ఇస్తవు అన్నడు. కోపంగ అనలే. ఒక రకంగ పాణం నిమ్మళమైనట్టు అన్నడు. నాకు గూడ అట్లనే అనిపిచ్చింది.

అమ్మ నిలబడి కుప్పను చూసింది. ఇంటికి పోయి మానిక తెచ్చింది. కొలిచిన కాయనంతా మల్ల ముంగటేసుకోని, మానికతోని మొదటిసంది కొలుసుడు మొదలు పెట్టింది. తొమ్మిది మానికలు ఇటు, ఒక మానిక సంచిల. మల్ల తొమ్మిది ఇటు, ఒకటి సంచిల. పొద్దు వంగేదాంక కొలిచింది. నాయిన రుమాలు తీసి మొకం తుడుసుకోని లేచిపోయిండు. సగం పటేలు మనిషి తీసుకపోయిండు. దేవుని సంచి సగానికి పైన నిండి మా ఇంట్ల గోడకు నిలబడ్డది. మా పాలుకు వచ్చిన కాయ నెల తిరగకముందే జొన్నలకు మారిపోయింది. ఆ జొన్నలు గూడ అయిపోయినై.

పండుగ ఇంక మూడు వారాలున్నది. అమ్మకు కూలి దొరికిన దినం వచ్చిన గింజలతోని గంజి తాగినం. చెంచలికూర, తుమ్మికూర ఉడకబెట్టుకోని ఉప్పేసుకోని తిన్నం. అమ్మ గంజి కాచే ముందు గూడ పిడికెడు తీసేది. పండుగకు ముందట ఐతారాలల్ల అయ్యగారు యేటా చెప్పేదే ఆ ఏడు గూడ చెప్పిండు. దేవుని పాలు ఇంట్ల ఉంచుకున్న ఇల్లు సల్లగుండదని. కరువుల ఆయన పొయ్యి గూడ ఎలుగుతలేదని నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెల్వదు.

ఆ సంచి కుట్టు నేను మల్ల వదులు చేసిన. నిరుడు ఆటకు చేసిన, ఈసారి ఆకలికి చేసిన. అమ్మ కూలికి పోయినప్పుడు తీసేదాన్ని. పొయ్యి ఎలిగిస్తే తెలుస్తదని కాల్చకుండ పచ్చివే తిన్నం. కాయ సరిగ ఆరలే, కొన్నిటికి బూజు వాసన. తమ్మునికి నేను పండ్లతోని పగలగొట్టి గింజలు పెట్టేదాన్ని. వాడు తిని, నీళ్లు తాగి, మల్ల చెయ్యి సాపేటోడు. ఒక దినం అవ్వ చూసింది. చూసి మొకం అటు తిప్పుకున్నది. ఎవరికి చెప్పలే.

వానికి ఒక పొద్దున వాంతులు పట్టుకున్నై, ఎనుకనే బేదులు. అవ్వ దానిమ్మ తొక్క మరగబెట్టి తాపిచ్చింది. ఆగలే. పగటాల్లకు కండ్లు లోపలికి పోయినై. వనపర్తి దవాఖానకు తీస్కపోదాం, ఆ సంచి అమ్ముత అన్నడు నాయిన. ఇంట్ల అమ్మనీకె ఇంకేం లేదు. ఇత్తడి చెంబు గూడ అప్పటికే పోయింది.

"అది మనది గాదు" అన్నది అమ్మ. రేపు అయ్యగారు వస్తడు, ప్రార్థన చేస్తడు, తగ్గుతది అన్నది.

నాయిన సంచి పక్కకు పోయి నిలబడ్డడు. ఎత్తుకోని పోతే ఆపేటోళ్లు ఎవరు లేరు. ఎత్తలే. ఆయనకు గూడ భయమే. కొంచెంసేపు నిలబడి బయటికి పోయి గోడకు ఆనుకోని కూసున్నడు.

తెల్లారి తమ్ముడు మెడ నిలుపలే. అప్పుడు అమ్మనే లేచి సంచి తానికి పోయింది. రెండు చేతులతోని ఎత్తబోయింది. అది ఆమె అనుకున్నదాని కంటె తేలిగ్గ పైకి లేచింది. అమ్మ సంచి దిక్కు చూసింది, కిందికి మీదికి తడిమింది. "ఎలుకలు" అన్నది. నేను గోడకు అతుక్కోని నిలబడ్డ. అవ్వ నా దిక్కు చూసి మల్ల మొకం తిప్పుకున్నది.

నాయిన దుకాణంల ఆ కాయ అమ్మితే బస్సు కిరాయి, పైన జరంత వచ్చింది. అమ్మ తమ్ముని కొంగుల సుట్టుకున్నది. రోడ్డు దాంక నడిసినం. నేను గూడ ఎనుక పోయిన, నన్ను ఎవరు వద్దనలే. మోరీ గట్టు మీద కూసోని బస్సు కోసం చూసినం. అమ్మ తడిపిన వేలు వాని పెదవులకు రాసుకుంట కూసున్నది. కొంచెంసేపటికి రాసుడు ఆపింది. వాని మొకం మీద కొంగు కప్పింది.

బస్సు వచ్చింది. ఆగింది. ఎక్కుతరా అని కండక్టరు అడిగిండు. నాయిన వద్దని చెయ్యి ఊపిండు. బస్సు పోయింది. మేము ఇంకా చానసేపు అక్కడనే కూసున్నం.

మట్టి చేసి వచ్చినంక నాయిన ఒక్క మాట అన్నడు, ఎవరి దిక్కు చూడకుండ. నిన్ననే పోయుంటే అన్నడు. మల్ల ఎన్నడు అనలే. అవ్వ, మైసమ్మకు మొక్కిన కోడి రెండేండ్ల సంది బాకీ ఉన్నదని తనలో తనే గొణుక్కున్నది. అయ్యగారు ఆ దినం పొద్దుమూకే ముందు వచ్చిండు. సాప ఏసినా కూసోక నేల మీదనే కూసున్నడు. అమ్మ ఆయనను అడిగింది.

"దేవుని పాలుల చెయ్యి పెట్టినందుకేనా అయ్యగారు?"

"లేదమ్మ. దేవుడు పిల్లలను గట్ల లెక్క కట్టి తీసుకపోడు."

"మీరే చెప్తిరి గదా, ఆ ఇల్లు సల్లగుండదని."

ఆయన తన చేతుల దిక్కు చూసుకుంట, నేను చెప్పింది గట్ల గాదమ్మ అన్నడు. ఎట్లనో చెప్పలేకపోయిండు. ఆ తర్వాత ఆ మాట ఆయన చర్చిల మల్ల ఎన్నడు చెప్పలే. గానీ అమ్మ అప్పటికే విన్నది, అదే చాలైంది.

అయ్యగారిని అడుగుతున్నప్పుడు నేను పక్కనే ఉన్న. నేను తిన్ననని, వానికి పచ్చి కాయ తినిపిచ్చింది నేనేనని నోటి దాంక వచ్చింది. చెప్పలే. చెప్తే అమ్మ నన్ను కొడతదని గాదు. కొట్టదని తెలుసు. నన్ను చూసే చూపు మారుతదని భయం. రేపు చెప్త అనుకున్న. ఆ రేపు దాటుకుంట పోయింది.

అప్పటి సంది అమ్మ పిడికెడుకు రెండు పిడికెళ్లు తీసింది. తర్వాత సగం తీసింది. కూలికి పోయి గింజలు తెస్తే ముందుగాల కుండలకే పోయేటియి, మిగిలింది నాకు, అవ్వకు. తను గంజినీళ్లు తాగి లేచేది. అయ్యగారు ఇన్ని వద్దమ్మ అని చేతులు జోడిచ్చినా, చర్చి గడపల పెట్టి వచ్చేది. ఒక దినం అమ్మ లేనప్పుడు అయ్యగారి భార్య చెంగుల బియ్యం తెచ్చి మా కుండల పోసి, మీ అమ్మకు చెప్పకు బిడ్డా అని పోయింది. అమ్మ వచ్చి చూసి కనిపెట్టింది. అన్ని గింజలు మల్ల మూట కట్టి తీసుకపోయి వాళ్ల గడపల పెట్టింది. ఆ దినం మేము పస్తే ఉన్నం. రెండు ఇండ్లల్ల ఆకలే. ఆ బియ్యం అటు ఇటు తిరిగినై గానీ ఎవరి పొయ్యి మీదికి పోలే.

నాయిన చర్చికి వచ్చుడు బంద్ చేసిండు. మేస్త్రి ఎంబడి కాలువ పనికి దూరం పోయిండు. రెండుసార్లు వచ్చిండు, ప్రతిసారి ఇంకింత చిక్కిపోయి. మూడోసారి రాలే. ఎక్కడ ఏమైండో ఇప్పటికి తెల్వదు. అవ్వ ఆ మరుసటి ఎండకాలం పోయింది. అమ్మ అన్నం మానేసుడు చూసి, ఈ పిల్లన్న బతకాలె అని అయ్యగారే నన్ను సైకిల్ మీద కూసోబెట్టుకోని పోయి బస్సెక్కిచ్చి, గద్వాలల చర్చి హాస్టల్ల చేర్పిచ్చిండు. అక్కడ మూడు పూటలు అన్నం. మొదటి దినం కంచంల అన్నం చూసి ఏడ్సిన. ఈ బియ్యం ఎవరియి అని వంటామెను అడిగితే, చుట్టుపక్కల ఊర్ల తల్లులు తమ ఇండ్లల్ల తీసిపెట్టి పంపినయి అన్నది. నేను మల్ల దేవుని పాలే తింటున్న. తిన్న. కడుపు నిండ తిన్న.

అమ్మ చానేండ్లు బతికింది. నాకు కొలువు వచ్చినంక వనపర్తికి నా తానికే తెచ్చుకున్న. నేను ఇచ్చిన పైసలు గూడ ఉంచుకోకుండ చర్చిల ఏసి వచ్చేది. పాణం పోయే ముందు రెండు దినాలు నా చెయ్యి పట్టుకోని ఉన్నది. ఒక పగటి పూట కండ్లు తెరిచి, "తీరిందా బిడ్డా?" అని అడిగింది.

ఏ బాకీ అడుగుతున్నదో నాకు తెలుసు. ఎలుకలు గాదమ్మా, నేను అని అప్పుడన్న చెప్పొచ్చు. ఆ ఒక్క మాట చెప్తే ఆమె మీదున్న బరువు నా మీదికి వచ్చేది, ఆమె జర తేలికైతుండె కావచ్చు. "తీరిందమ్మా" అన్న. ఆమె నమ్మలే. నమ్మినట్టు కండ్లు మూసుకున్నది.

పచ్చి కాయకు నాలుగేండ్ల పిల్లగానికి అట్లయితదా అని ఇన్నేండ్లల్ల ఏ డాక్టరును అడగలే. హాస్టలుకు నెలనెలా డాక్టరు వచ్చేటోడు. అడిగితే చెప్తడేమోనని అడగలే.

నిన్న ఐతారం. బిడ్డకు ఏం చెప్పాల్నో వారమంతా తయారు చేసుకున్న. నీ కిరాయి, నీ తిండి తీసినంక, మనసుకు ఎంత తోస్తే గంత ఇయ్యి, పదోదే కావాలని ఏం లేదు, ఇచ్చినంక మరిచిపో, ఇయ్యకున్నా దేవుడు ఏమనడు అని చెప్దామనుకున్న. అది చెప్పుడానికి నాకు హక్కు లేదు. నాకు కొలువు వచ్చినప్పటి సంది నేను మొత్తంల పదోది తీసి ఇచ్చిన. ఇది పుట్టినంక ఒక్క నెల తప్పలే, దీనికి జ్వరమొచ్చిన నెలల అయితే రెండింతలు ఇచ్చిన. ఒక్కసారి గూడ ప్రేమతోని ఇయ్యలే. అయినా చెప్దామనే ఫోన్ ఎత్తిన.

అదే ముందుగాల అన్నది. "ఇచ్చేసిన అమ్మా. మొత్తంల పదోదే ఇచ్చిన. అటు ఇటు ఆలోచిస్తే ఎందుకో పరేషాన్ అయింది."

"ఎందుకు పరేషాన్?" అన్న.

"ఏమో అమ్మా. తక్కువిస్తే నీకేమన్న అయితదేమోనని."

నేను దానికి తమ్ముని గురించి ఎన్నడు చెప్పలే. నాకొక తమ్ముడు ఉండె అని గూడ చెప్పలే. సంచి గురించి, మోరీ గట్టు గురించి, అమ్మ అడిగినదాని గురించి ఈ ఇంట్ల ఒక్క మాట ఎన్నడు రాలే. ఆ భయం ఈ పిల్ల దాంక ఎట్ల పోయిందో నాకు తెల్వదు.

మంచి పని చేసినవ్ బిడ్డా అని ఫోన్ పెట్టేసిన.